మూడో నెల: అత్తయ్య కషాయం, ఆఫీసులో హెర్బల్ టీ. ఏది తాగొచ్చు, ఏది ఆపాలి?

సన్నజాజి · హైదరాబాద్ · జూన్ 3, ఉదయం 10:42

అందరికీ నమస్తే. నాకు పదకొండో వారం నడుస్తోంది, మొదటి కాన్పు. వేవిళ్ల పుణ్యమా అని కాఫీ వాసన వస్తే చాలు కడుపులో తిప్పేస్తోంది. పదేళ్లుగా ఫిల్టర్ కాఫీ పడందే కళ్లు తెరవని దాన్ని, ఇప్పుడు ఆ డబ్బా మూత తీస్తే బాత్రూమ్‌కి పరుగు. అయినా పొద్దున్నే వేడిగా ఏదో ఒకటి గొంతులో పడాలి కదా.

మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. తెల్లారేసరికి కషాయం కాచి స్టీలు గ్లాసులో పోసి ఇస్తారు. తాగేదాకా ఎదురుగా నిలబడి కదలరు. ఇక ఆఫీసు ప్యాంట్రీలో డిప్ టీల డబ్బా ఉంది. మందారం, చామంతి, తులసి గ్రీన్ టీ. డబ్బా మీద 'హెర్బల్' అని ఉంది కాబట్టి ఫర్వాలేదనుకుని రోజుకి మూడు, ఒక్కోసారి నాలుగు కప్పులు లాగించేస్తున్నా. నిన్న పక్క సీటు అమ్మాయి చూసి "మందారం టీనా? అబార్షన్ అవుతుందంటారే!" అంది. అప్పట్నుంచి టెన్షన్, రాత్రి కంటి మీద కునుకు లేదు.

డాక్టర్ మేడంని చూసింది పోయిన వారమే. లోపల ఉన్నది ఐదు నిమిషాలు. ఫోలిక్ యాసిడ్ రాశారు, టీ కాఫీలు తగ్గించమన్నారు. కషాయం సంగతి అడగాలని నాకు తోచనే లేదు. మళ్లీ వెళ్లేది రెండు వారాల తర్వాత. మీరంతా ఏం తాగారు?

బెజవాడ బుల్లెమ్మ · విజయవాడ · జూన్ 3, ఉదయం 11:05

ఏం కాదమ్మా, కంగారు పడకు. నేను ఇద్దరు పిల్లలప్పుడూ శొంఠి కషాయం, జీలకర్ర నీళ్లు, వాము నీళ్లు అన్నీ తాగాను. ఇద్దరూ ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. అత్తగారు అంత ప్రేమగా కాచి ఇస్తున్నారంటే అదృష్టం. మా అత్తగారు ఫోన్లో "తాగావా?" అని అడిగేవారంతే.

ఓపీ చీటీ · ఖమ్మం · జూన్ 3, మధ్యాహ్నం 2:20

'ఏం కాదు' అనడానికీ 'అమ్మో' అనడానికీ ముందు సన్నజాజి కొన్ని సంగతులు చెప్పాలి. కషాయంలో ఏమేం పడుతున్నాయి? చిటికెడా, గుప్పెడా? ఎన్ని నీళ్లు పోసి ఎంత మిగిలేదాకా మరిగిస్తున్నారు? ఎన్నింటికి తాగుతున్నావు, ఆ టైముకి మాత్రలేమైనా ఉన్నాయా?

నేను ప్రసూతి వార్డులో నర్సుని, పద్నాలుగేళ్ల సర్వీసు. "ఇంకా ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "లేదు మేడం" అంటారు. ఇంటికెళ్లి రెండు పూటలా కషాయం తాగుతారు. అబద్ధం చెబుతున్నారని కాదు. కషాయాన్ని ఎవరూ మందుల లెక్కలో వేసుకోరు, అంతే.

సన్నజాజి · జూన్ 4, ఉదయం 8:15

అక్కా, అత్తయ్యని అడిగితే "ఏముందమ్మా, అన్నీ కాస్త కాస్త" అన్నారు. అందుకని ఇవాళ పొయ్యి పక్కనే నిలబడి చూశా.

గుప్పెడు తులసాకు. శొంఠి పొడి చెంచా నిండా, పైన గోపురంలా. మిరియాలు పది పన్నెండు కచ్చాపచ్చాగా దంచి వేశారు. బొటనవేలంత దాల్చిన చెక్క, ధనియాలు, చివర్లో చిటికెన వేలంత అతిమధురం వేరు. రెండు గ్లాసుల నీళ్లు అర గ్లాసయ్యాయి. రంగు చూస్తే డికాక్షనే. తాగేటప్పుడు గొంతు మండుతుంది, తర్వాత అతిమధురం తీపి నాలుకని అరగంట వదలదు.

తాగేది ఆరింటికి. థైరాయిడ్ మాత్ర కోసం ఎలాగూ లేస్తాను కదా, దాన్ని ఆ కషాయంతోనే మింగేస్తున్నా.

ఓపీ చీటీ · జూన్ 4, ఉదయం 8:31

ఆగాగు. థైరాయిడ్ మాత్ర కషాయంతోనా!

మందారం కోసం నిద్ర మానుకున్నావు. నన్నడిగితే నీ రోజంతటిలో ముందు సరిచేయాల్సింది ఇదే. ఆ మాత్ర పరగడుపున ఉత్త నీళ్లతోనే వేసుకోవాలి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, ఇంకేమీ తాగకూడదు, తినకూడదు. టీ, కాఫీ, కషాయం ఏది వెంట పోసినా మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి. మొదటి నెలల్లో బిడ్డకి సొంత థైరాయిడ్ పని మొదలవ్వదు, తల్లి నుంచి వెళ్లే హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఎన్నాళ్లుగా ఇలా వేసుకుంటున్నావు? టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ రక్తపరీక్ష, మళ్లీ చూడమని మేడంకి రేపే ఫోన్ చెయ్యి. పదిహేను రోజులు ఆగొద్దు.

సన్నజాజి · జూన్ 4, ఉదయం 8:40

మూడు వారాలైంది అక్కా. ఇప్పుడే ఫోన్ చేస్తా.

ఎడిసన్ వదిన · న్యూజెర్సీ · జూన్ 4, ఉదయం 9:10

ఆఫీసు టీల గురించి నేను చెబుతా. నా రెండు కాన్పులూ ఇక్కడే.

ముందు ఆ తులసి గ్రీన్ టీ. గ్రీన్ టీ హెర్బల్ కాదు, అదీ తేయాకే. మనం మరిగించుకునే టీపొడి ఏ మొక్కదో ఇదీ ఆ మొక్కదే, అందులోనూ కెఫీన్ ఉంటుంది. ఇక్కడి డాక్టర్లు గర్భిణులకి రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపల ఉండమంటారు, బ్రిటన్‌లోనూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 300 దాటేవాళ్లని తగ్గించుకోమంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్కలో 150 మి.లీ. కప్పు టీలో 30 నుంచి 65 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుంది. అంటే సన్నజాజి మానేసిన ఫిల్టర్ కాఫీ చిన్న కప్పు ఒకటి తాగినా కొంపలేం మునగవు. అందరూ దాన్నే విలన్ని చేస్తారు, పక్కన నాలుగు గ్రీన్ టీలు మాత్రం ఎవరి కంటికీ కనపడవు.

చామంతి టీ అంటే మనం జడలో పెట్టుకునే చామంతి కాదు. కామొమైల్ అని వేరే మొక్క, పేరు అలా తెలుగు చేశారు. ఎప్పుడైనా ఒక కప్పు అయితే మా డాక్టర్ ఏమీ అనలేదు. చివరి మూడు నెలల్లో రోజూ అలవాటుగా మాత్రం వద్దంది.

ఇక మందారం. డిప్ టీల్లో మందారం అని వచ్చేది చాలావరకు మన పెరట్లో పూసే మందారం కాదండీ, ఎర్ర గోంగూర! పువ్వు రాలాక కాయ చుట్టూ దళసరిగా, ఎర్రగా, పుల్లటి రేకుల్లాంటివి ఉంటాయి చూడండి, వాటిని ఎండబెట్టి అమ్ముతారు. గోంగూర, మందారం దగ్గరి చుట్టాలు. కడుపుతో ఉన్నప్పుడు వద్దనడానికి కారణం ఎలుకల మీద పెద్ద మోతాదుల్లో చేసిన ప్రయోగాలు. గర్భిణుల మీద సరైన పరిశీలనలు లేవు. నేనూ తెలియక పది రోజులు తాగి ఏడ్చుకుంటూ వెళ్తే మా డాక్టర్ "తాగిందానికి భయపడకు, ఇక ఆపెయ్" అంది. మీ పక్క సీటు అమ్మాయి మాట అంతవరకే తీసుకోండి.

కాబోయే నాన్న · వరంగల్ · జూన్ 4, ఉదయం 9:26

వదినా, అయితే పుంటికూర, అదే గోంగూర, పచ్చడి కూడా బందేనా? మా ఆమెకు ఐదో నెల, రోజూ అదే అడుగుతుంది. ఇంట్లో సీసా నిండా ఉంది. నేను దాచిపెట్టాలా?

ఎడిసన్ వదిన · జూన్ 4, ఉదయం 9:30

దాచిపెడితే ముందు మీకు ప్రమాదం. కూరాకు పచ్చడి అన్నంలో రెండు ముద్దలు కలుపుకోవడం వేరు, టీ వేరు. ఉప్పూ నూనె చూసుకుని తిననివ్వండి. కాన్సన్‌ట్రేట్ చేసి కప్పులకి కప్పులు తాగే దాని గురించే నేనంటున్నది.

వనమూలిక · తిరుపతి · జూన్ 4, మధ్యాహ్నం 1:48

నేను ఆయుర్వేద వైద్యురాలిని. ఈ చర్చలో నాకు తిట్లు పడతాయని తెలిసే వచ్చాను.

సన్నజాజి గారూ, మీ అత్తగారు కాచేది టీ కాదు. మా శాస్త్రంలో ఈ రెండింటికీ పేర్లే వేరు. వేడి నీళ్లలో వేసి, మూతపెట్టి, వడగట్టి తాగేది ఫాంటం. మరిగించి ఇగరబెట్టేది క్వాథం, అదే కషాయం. క్వాథానికి పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాస్తారు. అంత సారం దిగింది కాబట్టే దాన్ని ఔషధం అన్నారు, రోగిని చూసి, రోజులు లెక్కపెట్టి ఇచ్చారు. చారులో నాలుగు మిరియాలు, పోపులో చిటికెడు మెంతులు, టీలో ఒక అల్లం ముక్క అంటే ఆహారం. అదే వస్తువు గుప్పెళ్లతో ఇగిరి అర గ్లాసుకి వస్తే ఆహారం కాదు.

2020లో కరోనా అప్పుడు ఆయుష్ శాఖ ఒక క్వాథం చెప్పింది, గుర్తుండే ఉంటుంది. తులసి నాలుగు పాళ్లు, దాల్చిన చెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు. మొత్తం 3 గ్రాముల పొడి, 150 మి.లీ. నీళ్లు. ఆ అలవాటు మన ఇళ్లలో ఉండిపోయింది. గ్రాములు పోయి గుప్పెళ్లు వచ్చాయి.

మీ గ్లాసులో నేను వెంటనే తీసేయమనేది అతిమధురం. అందులోని గ్లిసిరైజిన్ అనే పదార్థం ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. ఫిన్లండ్‌లో అతిమధురం మిఠాయిలంటే జనానికి ప్రాణం. అక్కడి ఆరోగ్య సంస్థే గర్భిణుల్ని వాటికి దూరంగా ఉండమంటోంది. దగ్గు పొడుల్లో, గొంతు బిళ్లల్లో, 'స్వీట్' అని రాసిన హెర్బల్ టీల్లో ఇది ఉంటుంది. 'యష్టిమధు', 'ములేఠీ', 'లికరిస్' అన్నీ ఇదే. గుప్పెడు తులసి కూడా రోజూ వద్దు. తీర్థంలో రెండు ఆకులు నమిలితే ఎవరూ కాదనరు.

ఓపీ చీటీ · జూన్ 4, మధ్యాహ్నం 3:02

తిట్లు కాదు, దండం పెడుతున్నా డాక్టరమ్మా. ఇంత స్పష్టంగా చెప్పేవాళ్లు తక్కువ.

శొంఠి గురించి నేను కలుపుతా. వేవిళ్లకి అల్లం పనిచేస్తుందని పరీక్షించి చూసిన సంగతే, పుక్కిటి పురాణం కాదు. ఆ పరీక్షల్లో ఇచ్చింది రోజు మొత్తానికి దాదాపు ఒక గ్రాము ఎండు అల్లం, అదీ మూడు నాలుగు సార్లుగా. గోపురంలా తీసిన చెంచా శొంఠి అంటే రెండు గ్రాములు దాటుతుంది, అదీ ఒక్క గుక్కలో, పరగడుపున. మంట పుట్టి వాంతి ఇంకా ఎక్కువవుతుంది. సన్నజాజీ, కషాయం తాగాకే వాంతి అవుతోందా, కాస్త గమనించు.

అల్లంతో తగ్గకపోతే ఓర్చుకోనక్కర్లేదు. డాక్సిలమిన్, బి6 కలిసిన మాత్ర డాక్టర్లు రాస్తారు, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. మంచినీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు పసుపులో కొద్దికొద్దిగా వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా మాత్రం ఏ టీ గురించీ ఇక్కడ అడగొద్దు. ఆసుపత్రికి రావాలి, సెలైన్ ఎక్కించాలి.

పాతకాలం మనిషి · రాజమండ్రి · జూన్ 4, సాయంత్రం 6:15

ఈ కాలం పిల్లలకి గాలి పీల్చాలన్నా గూగుల్ కావాలి. మా అమ్మమ్మ తొమ్మిది మందిని కన్నది, అందర్నీ ఇంట్లోనే. మంత్రసాని, కషాయం, ఆముదం. డాక్టరు మొహం చూసి ఎరగదు. గ్రాములట, మిల్లీగ్రాములట!

ఓపీ చీటీ · జూన్ 4, సాయంత్రం 6:22

బాబాయ్ గారూ, తొమ్మిది మందిలో ఎంతమంది దక్కారు?

పాతకాలం మనిషి · జూన్ 4, సాయంత్రం 6:50

ఐదుగురు. అమ్మమ్మ చెల్లెలు తొలిచూలు కాన్పులోనే పోయింది. అది కషాయం వల్ల కాదమ్మా.

ఓపీ చీటీ · జూన్ 4, సాయంత్రం 7:04

కషాయం వల్ల అని నేనూ అనను. ఎందువల్ల పోయారో రాసిపెట్టినవాళ్లే లేరు. 'మా అమ్మమ్మ తాగింది, ఏం కాలేదు' అని చెప్పడానికి మిగిలింది ఆ ఐదుగురి తాలూకు వాళ్లం మనమే. ఆముదం సంగతి మాత్రం తీసుకురాకండి, నెలలు నిండకుండా ఇచ్చి మా వార్డుకి పరుగులు పెట్టించినవాళ్లని చూశాను.

నీలి గాజులు · కర్నూలు · జూన్ 5, ఉదయం 7:30

నా కథ వినండి. ఏడేళ్ల కిందట సన్నబడదామని ఆన్‌లైన్లో ఒక డీటాక్స్ టీ తెప్పించుకున్నా. ఇరవై ఎనిమిది రోజుల ప్యాకెట్, మీద ఆకులు, పువ్వులు, '100 శాతం సహజం'. నెల తప్పితే తిండి తగ్గించడం వల్లేమో అనుకున్నా. రాత్రి ఒక కప్పు, పొద్దున్న ఐదారు సార్లు బాత్రూమ్. 'విషాలన్నీ పోతున్నాయి' అని సంతోషం కూడా! ఒక రోజు బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయా. ఆసుపత్రిలో రెండు సీసాలు సెలైన్ ఎక్కించారు, పరీక్ష చేస్తే ఏడో వారం. అక్కడి డాక్టర్ ప్యాకెట్ తెప్పించి, తిప్పి, సన్నక్షరాల మీద పెన్ను పెట్టి చూపించింది. 'సెన్నా ఆకు'. అంటే సునాముఖి, విరేచనాల మందు. నేను టీ అనుకుని నెల రోజులు జులాబు తాగా. మావాడు ఇప్పుడు ఒకటో తరగతి, బాగున్నాడు. అయినా ఆ పచ్చ ప్యాకెట్ ఎక్కడ కనిపించినా ఒళ్లు మండుతుంది.

ఎడిసన్ వదిన · జూన్ 5, ఉదయం 8:12

ప్యాకెట్ ఉంటే కనీసం తిప్పి చదవొచ్చు. అసలు ప్యాకెట్టే లేని పొడుల మాటేమిటి? ఇక్కడికి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో పాలిథిన్ కవర్లలో కట్టిన 'గర్భిణీ పొడి' తప్పకుండా ఉంటుంది. 2011–12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా తేలింది. అందరూ ఇండియా ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దాన్ని 2012లో ప్రచురించింది. అది చదివాక మా అమ్మ తెచ్చిన రెండు కవర్లూ చెత్తబుట్టలో పడేశా. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

వనమూలిక · జూన్ 5, ఉదయం 10:20

వంటింటి ధనియాలకీ లోహాలు కలిసిన మాత్రలకీ తేడా ఉంది, అది మర్చిపోకూడదు. అయినా మీరు చేసింది తప్పనలేను. పేరు, లైసెన్సు నంబరు, లోపల ఏముందో లేని పొడి నేను కూడా ఎవరికీ ఇవ్వను.

మల్లెతీగ · బెంగళూరు · జూన్ 6, రాత్రి 9:40

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. 26వ వారం, గ్లూకోజ్ తాగించి చేసిన టెస్టులో షుగర్ వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టారు. పక్కింటావిడ తంగేడు పూల టీ తాగమంటున్నారు, పరగడుపున మెంతి నీళ్లు కూడా. నెలకే మందు మానెయ్యొచ్చట.

వనమూలిక · జూన్ 6, రాత్రి 10:05

తంగేడు పువ్వుని బతుకమ్మలో పేర్చుకోండి, గ్లాసులో వద్దు. షుగర్ తగ్గిస్తుందనే పేరుంది కాబట్టే భయం. మాత్రతో పాటు ఇదీ పనిచేస్తే షుగర్ ఎంతకి పడుతుందో ఎవరు లెక్కగడతారు? పైగా అది సునాముఖి జాతి మొక్క. మెంతులు కూరలో, ఊరగాయలో ఎంత పడితే అంత చాలు. చెంచాలకొద్దీ నానబెట్టి తాగడం గర్భిణులకి నేను చెప్పను. మందు మానొద్దు. తిన్నాక పావుగంట నడవండి.

ఓపీ చీటీ · జూన్ 7, మధ్యాహ్నం 2:45

అందరూ మూలికల చుట్టూ తిరుగుతున్నారు, నా అసలు గొడవ వేరే ఉంది. ఇవాళ ఓపీలో ముప్పై ఒక్క మందిని చూశాం. సగం మందికి రక్తం తక్కువ. నా ఒక్క ఊరి గోల కాదిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత.

నాలుగో నెల నుంచి ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు ఇస్తుంది. 60 మి.గ్రా. ఐరన్, అందులోనే ఫోలిక్ యాసిడ్, రోజుకొకటి చొప్పున 180 రోజులు. ఇవాళ ఒకమ్మాయి నా ముందే బ్యాగులోంచి మాత్ర తీసి, బయట కొట్టు నుంచి తెచ్చుకున్న కాగితం కప్పు చాయ్‌తో వేసుకుంది. "నీళ్లయితే వాంతి వస్తది మేడం, చాయ్‌తో అయితే దిగుతది" అంది. మాత్ర దిగుతుంది, ఐరన్ దిగదు. టీలో ఉండే టానిన్లు దాన్ని పట్టేస్తాయి. పాల టీ, గ్రీన్ టీ, మరిగించిన దాల్చిన చెక్క కషాయం, దేనిలోనైనా టానిన్లు ఉంటాయి. తిండికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు వద్దని పోషకాహార సంస్థ చెప్పేది అందుకే. మాత్రకీ అంతే. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఐరన్ ఇంకా బాగా పడుతుంది. ఆ అమ్మాయి రెండు నెలలుగా ఒక్క రోజు తప్పకుండా మాత్ర వేసుకుంది, పాపం. హెచ్‌బి, అదే హిమోగ్లోబిన్, 8.9 నుంచి 9 అయింది.

కాబోయే నాన్న · జూన్ 7, సాయంత్రం 4:10

మా ఆమెను అడిగిన. ఐరన్ గోలీ పాలతో వేసుకుంటున్నదట, బలమని.

ఓపీ చీటీ · జూన్ 7, సాయంత్రం 4:14

పాలల్లో కాల్షియం. అదీ అడ్డమే. రాత్రి భోజనమైన రెండు గంటలకి నిమ్మ నీళ్లతో వెయ్యమను. పాలు పొద్దున తాగమను. కుంకుమపువ్వు పాలా?

కాబోయే నాన్న · జూన్ 7, సాయంత్రం 4:20

అవును. మా అమ్మ తెచ్చింది. బిడ్డ తెల్లగా పుట్టాలని.

ఓపీ చీటీ · జూన్ 7, సాయంత్రం 4:23

రెండు రేకులయితే నష్టం లేదు, మీ జేబుకి తప్ప. రంగు మాత్రం మీ ఇద్దరిదే వస్తుంది.

బెజవాడ బుల్లెమ్మ · జూన్ 8, ఉదయం 11:30

నేను మొదట్లో 'ఏం కాదు' అనేశాను, ఇదంతా చదివాక నోరు మూసుకున్నా. ఒక్కటి అడుగుతా. తొమ్మిదో నెలలో జీలకర్ర కషాయం ఇస్తారు కదా. దొంగ నొప్పులైతే సర్దుకుంటాయి, అసలు నొప్పులైతే జోరందుకుంటాయి అని. నాకు మా అమ్మ అలాగే ఇచ్చింది. అదీ తప్పేనా?

ఓపీ చీటీ · జూన్ 8, మధ్యాహ్నం 12:15

తప్పనను వదినా. దొంగ నొప్పులు కాసేపు పడుకున్నా, ఏదైనా వేడిగా తాగినా వాటంతటవే సర్దుకుంటాయి, పేరు జీలకర్రకి వస్తుంది. నా భయం ఆ కాచే గంట గురించి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా స్టవ్ వెలిగించొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ఎడిసన్ వదిన · జూన్ 8, సాయంత్రం 6:40

ఇక్కడ ఆ పాత్ర రాస్ప్‌బెర్రీ ఆకు టీది. చివరి వారాల్లో తాగితే కాన్పు సుఖంగా అవుతుందని తెల్లవాళ్ల అమ్మమ్మల నమ్మకం. గట్టి రుజువు లేదు, మొదటి నెలల్లో వద్దంటారు. అమ్మమ్మలు ఎక్కడైనా అమ్మమ్మలే.

సన్నజాజి · జూన్ 19, ఉదయం 9:05

ఆలస్యమైంది, క్షమించండి. ఆ రోజే ఫోన్ చేస్తే మేడం రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ కాస్త పెరిగింది, డోసు మార్చకుండా ముందు నీళ్లతో సరిగ్గా వేసుకుని నాలుగు వారాల తర్వాత మళ్లీ చూపించమన్నారు. హెచ్‌బి 10.4. ఐరన్ మొదలైంది.

ఈసారి ఆఫీసు టీ సంచుల ఫొటోలు, అత్తయ్య దినుసుల ఫొటో పట్టుకెళ్లా. అత్తయ్యని కూడా తీసుకెళ్లా, అదే నేను చేసిన మంచి పని. మేడం ఫోన్ చూస్తూ ఒక్కోటీ అడిగారు. ధనియాలు, జీలకర్ర ఉంచుకోండి. అల్లం పలచటి ముక్క ఒకటి, వేడి నీళ్లలో, మరిగించొద్దు. తులసి గుప్పెడు వద్దు. అతిమధురం దగ్గర ఆగి "ఇది ఎవరు వెయ్యమన్నారు?" అన్నారు. అత్తయ్య నేల చూపులు. బయటికొచ్చాక ఆటోలో "మా అమ్మ నాకు ఇచ్చింది, నేను నీకిచ్చాను" అన్నారు, చిన్నగా. నాకు ఏం అనాలో తెలియక చెయ్యి పట్టుకున్నా.

ఇప్పుడు ఆరింటికి మాత్ర, ఉత్త నీళ్లు. ఏడింటికి అల్లం నీళ్లలో నిమ్మరసం. పొద్దున వాంతులు రెండు నుంచి ఒకటికి వచ్చాయి. కషాయం మానేసినందుకేనని నా అనుమానం. అత్తయ్య దగ్గర మాత్రం అనలేదు. ఆఫీసులో వేడి నీళ్లే పట్టుకుంటున్నా. నిన్న మధ్యాహ్నం ధైర్యం చేసి అర కప్పు కాఫీ తాగా, నిలిచింది!

అతిమధురం డబ్బా పారేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "నీకు వద్దంటే వద్దు, నా గొంతుకి పనికొస్తుంది" అని రోజూ తన గ్లాసులో వేసుకుంటున్నారు.

వనమూలిక · జూన్ 19, ఉదయం 9:32

సంతోషం. అత్తగారికి బీపీ ఉందా?

సన్నజాజి · జూన్ 19, ఉదయం 9:36

ఉంది. ఎనిమిదేళ్లుగా మాత్ర వేసుకుంటున్నారు. ఎందుకు?

సన్నజాజి · జూన్ 19, ఉదయం 9:37

అయ్యో. ఇప్పుడు పైన మీరు రాసింది మళ్లీ చదివా. ఇదెవరు చెబుతారు ఆవిడకి?

బెజవాడ బుల్లెమ్మ · జూన్ 19, ఉదయం 9:41

మీ ఆయన్ని పంపు. కొడుకు చెబితే వింటారు.